పిల్లల వైద్య పరిశోధనలో సంస్థ ఇచ్చే సొంత గ్రాంటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లల వైద్య పరిశోధన సంస్థలు తమ పరిశోధకులకు సొంత నిధి నుంచి ఇచ్చే గ్రాంట్ల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారిలో ప్రయోగశాలలో పనిచేసేవారు ఉన్నారు, వార్డులో రోగులను చూసే వైద్యులు ఉన్నారు, విరాళం ఇచ్చి దాని జాడ తెలుసుకోగోరే ఒక తండ్రి కూడా ఉన్నారు. ఉత్తరాలను కుదించి, రాసినవారి వివరాలు తొలగించి, జవాబులతో ఇస్తున్నాము.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ ముగించి పిల్లల వైద్య పరిశోధన సంస్థలో కొత్తగా చేరాను. బయట ప్రభుత్వ నిధులూ స్వచ్ఛంద నిధులూ ఉండగా సంస్థ తన మనుషులకే పోటీ పెట్టి గ్రాంటు ఇవ్వడం ఎందుకు? ఆ డబ్బు ఎక్కడిది? దీన్ని పెద్ద గ్రాంటుకు చిన్న నమూనాగా భావించి దరఖాస్తు రాయవచ్చునా?

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే తిరస్కరణ పొందే దరఖాస్తులలో చాలావాటి లోపం అక్కడే ఉంటుంది. అంతర్గత గ్రాంటు పెద్ద గ్రాంటుకు చిన్న నమూనా కాదు. ఐదేళ్ల పథకాన్ని ఐదో వంతుకు కుదించి ఏడాది పని అని పేరు పెట్టి పంపితే, అది దేనికీ చాలని పనిగా సమీక్షకులకు కనిపిస్తుంది. రేపు మీరు బయటి సంస్థకు పెట్టబోయే దరఖాస్తును ఊహించుకోండి. దాన్ని చదివే నిపుణుడు ఏ వాక్యం దగ్గర ఆగి ‘ఇది వీరి చేత అవుతుందా?’ అని అనుమానిస్తాడో ఆ వాక్యాన్ని గుర్తించండి. ఆ ఒక్క అనుమానాన్ని తీర్చడానికి ఎంత డబ్బు, ఎంత కాలం కావాలో అంతే అడగండి.

సంస్థ ఈ డబ్బు ఇవ్వడానికి కారణం కూడా ఇదే. బయటి సంస్థలు సాధారణంగా ప్రాథమిక ఫలితాలు చూసి డబ్బు ఇస్తాయి, ప్రాథమిక ఫలితాలు రావాలంటే ముందు డబ్బు కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఆర్21 పథకంలో, అంటే రెండేళ్లకు కలిపి 2,75,000 డాలర్ల వరకు ప్రత్యక్ష ఖర్చులకు ఇచ్చే అన్వేషణాత్మక గ్రాంటులో, ప్రాథమిక ఫలితాలు తప్పనిసరి కాదని నియమాలలోనే రాసి ఉంది. అయినా ఉన్నవాటిని జతచేయకుండా దరఖాస్తు పంపేవారు అరుదు. ఈ ముడిని విప్పే మొదటి డబ్బు సంస్థ లోపలి నుంచే రావాలి.

ఆ డబ్బు వచ్చే దారులు కొన్ని ఉన్నాయి. ఆసుపత్రికి అనుబంధంగా ఉండే ధర్మనిధికి వచ్చిన విరాళాలు, శాశ్వత నిధి మీద వచ్చే రాబడి, బయటి గ్రాంట్లతోపాటు వచ్చే పరోక్ష ఖర్చుల (భవనం, విద్యుత్తు, పాలన వంటివాటి) మొత్తంలో ఒక భాగం, సంస్థలో పుట్టిన ఆవిష్కరణల మీద వచ్చే రాయల్టీ. ఈ వివరం మీకు అనవసరం అనుకోవద్దు. రక్త క్యాన్సర్ పరిశోధనకని దాత రాసి ఇచ్చిన డబ్బును ఉబ్బసం మీద ఖర్చు చేయడానికి సంస్థకు అధికారం లేదు. అందువల్ల ప్రకటన చదివేటప్పుడు గరిష్ఠ మొత్తం ఎంత అని చూసే ముందు, డబ్బు ఏ నిధి నుంచి వస్తున్నదో, ఆ నిధికి ఏ షరతు ఉన్నదో చూడాలి. రాసి లేకపోతే గ్రాంటు కార్యాలయానికి ఫోన్ చేసి అడగాలి. అక్కడి ఉద్యోగులు ఇలాంటి ప్రశ్నలు రావడం లేదనే బాధపడుతుంటారు.

పిల్లల వైద్యంలో ఈ తొలి డబ్బు అవసరం మరింత ఎక్కువ. పెద్దలతో పోలిస్తే రోగుల సంఖ్య తక్కువ కనుక మందుల కంపెనీలకు మార్కెట్ చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే పెద్దలలో పరీక్షించిన మందునే మోతాదు తగ్గించి పిల్లలకు వాడే అలవాటు దశాబ్దాలు సాగింది. అమెరికాలో 2002, 2003 సంవత్సరాలలో వచ్చిన రెండు చట్టాలు, ఐరోపా సమాఖ్యలో 2007లో అమలులోకి వచ్చిన నిబంధన కంపెనీలను పిల్లల అధ్యయనాల వైపు నెట్టాయి. అయితే పేటెంటు కాలం తీరిపోయిన పాత మందుల విషయంలో ఆ ప్రోత్సాహకాలకు పెద్దగా పట్టు లేదు. నవజాత శిశువుల విభాగంలో రోజూ వాడే మందులలో చాలావరకు అలాంటివే. వాటిని గురించిన ప్రశ్న సాధారణంగా శిశువు పక్కన నిలబడిన వైద్యుడికో నర్సుకో తోస్తుంది, దానికి మొదటి డబ్బు కూడా ఆ కప్పు కిందే దొరకాలి.

ప్రశ్న: నేను నవజాత శిశువుల విభాగంలో వైద్యుణ్ణి. నెలలు నిండక పుట్టిన 30 మంది శిశువులలో ఒక పాత మందును పరీక్షించడానికి అంతర్గత గ్రాంటు అడిగాను. ‘30 మందితో మందు పనిచేస్తుందో లేదో తేలదు’ అని తిరస్కరించారు. 300 మందికి సరిపోయే డబ్బు వాళ్లు ఎలాగూ ఇవ్వరు. మరి ఎలా రాయాలి?

జవాబు: కమిటీ చెప్పిన మాట సరైనదే. మీరు చేయదలచిన పని కూడా సరైనది కావచ్చు. తేడా అంతా మీరు ఏమి వాగ్దానం చేశారన్న దానిలో ఉంది. ‘ఈ మందు పనిచేస్తుందో లేదో తేలుస్తాను’ అని రాసి ఉంటే, అది 30 మందితో నిలబెట్టుకోలేని మాట.

అంకెలతో చూద్దాం. 30 కుటుంబాలను అడిగితే 24 కుటుంబాలు ఒప్పుకున్నాయనుకోండి. అది 80 శాతం. కాని ఇంత చిన్న సంఖ్య మీద 95 శాతం విశ్వాసంతో చెప్పగలిగినది, నిజమైన అంగీకార శాతం సుమారు 60కి, 90కి పైచిలుకుకు మధ్య ఎక్కడో ఉంటుందని మాత్రమే. అది కూడా పెద్ద ప్రయోగానికి పనికొచ్చే సమాచారమే, ఎందుకంటే 20 శాతమే ఒప్పుకుంటారేమో అన్న భయాన్ని అది తీరుస్తుంది. భద్రత సంగతి చూడండి. 30 మందిలో ఒక్కరికీ తీవ్రమైన దుష్ప్రభావం రాలేదనుకుందాం. గణాంకశాస్త్రంలో ‘మూడు సూత్రం’ అని ఒకటి ఉంది: ఒక్క సంఘటన కూడా జరగనప్పుడు 3ను రోగుల సంఖ్యతో భాగిస్తే గరిష్ఠంగా ఎంత ప్రమాదం ఉండవచ్చునో తెలుస్తుంది. 3ను 30తో భాగిస్తే 10 శాతం. అంటే పదిమందిలో ఒకరికి హాని చేసే మందు కూడా మీ అధ్యయనంలో మచ్చలేకుండా బయటపడవచ్చు. ‘సురక్షితమని నిరూపిస్తాం’ అన్న వాక్యం మీ దరఖాస్తులో ఉంటే ఇప్పుడే కొట్టివేయండి.

చరిత్ర తెలిసిన పాఠకులు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు. 1948లో అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ మందును రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇచ్చి, 10 మందిలో మెరుగుదల కనిపించిందని ప్రకటించినప్పుడు సంఖ్య ఇంకా చిన్నదే కదా అని. నిజమే, ఆ మెరుగుదల తాత్కాలికమే అయినా క్యాన్సర్‌కు మందులతో వైద్యం చేయడానికి అదే బాట వేసింది. అయితే ఆ రోజుల్లో ఆ వ్యాధి సోకిన పిల్లలు కొద్ది నెలల్లో చనిపోవడం దాదాపు ఖాయం. వ్యాధి నడిచే దారి అంత నిశ్చితంగా ఉన్నప్పుడు కొద్దిమందిలో వచ్చిన మార్పు కూడా గట్టిగా మాట్లాడుతుంది. నెలలు నిండని శిశువుల స్థితి అలా కాదు. కొందరు మందు లేకుండానే కోలుకుంటారు, కొందరు మందు ఇచ్చినా కోలుకోరు. ఆ హెచ్చుతగ్గుల మధ్య 30 మంది ఫలితం పాచిక వేసినట్టు ఉంటుంది. ఈ కారణంగానే చిన్న అధ్యయనంలో కనిపించిన ప్రభావ పరిమాణాన్ని తీసుకుని పెద్ద ప్రయోగానికి ఎంతమంది కావాలో లెక్కకట్టడం ప్రమాదకరం. అదృష్టం బాగుంటే ప్రభావం పెద్దదిగా కనిపించి, తక్కువమందితో ప్రయోగం మొదలుపెట్టి విఫలమవుతారు. అదృష్టం బాగులేకపోతే మంచి ఆలోచనను అక్కడే వదిలేస్తారు. ఎంత ప్రభావం ఉంటే వైద్యం మార్చుకోవడం సమంజసమో ముందే నిర్ణయించుకుని, దాని మీదే లెక్క కట్టాలి.

మరి 30 మందితో ఏమి తేలుతుంది? ఎంతమంది తల్లిదండ్రులు అంగీకరిస్తారు, పుట్టిన ఎన్ని గంటలలోపు వారిని అడగగలుగుతున్నారు, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సులు మోతాదు తప్పకుండా ఇవ్వగలుగుతున్నారా, నమూనాలు ప్రయోగశాలకు చెడిపోకుండా చేరుతున్నాయా, డిశ్చార్జి అయ్యాక ఎంతమంది తిరిగి వస్తున్నారు. ఇవి పైకి నీరసంగా కనిపించే ప్రశ్నలు. పెద్ద ప్రయోగాలు తరచుగా ఆగిపోయేది మాత్రం ఇక్కడే. వీటికి ముందుగానే హద్దులు రాసుకోండి: ఉదాహరణకు 60 శాతానికి పైగా అంగీకరిస్తే ముందుకు వెళతాం, 40కి 60కి మధ్య ఉంటే పద్ధతి మార్చుకుంటాం, 40కి తగ్గితే ఆపేస్తాం అని. ఆపేస్తాం అన్న మాట రాయడానికి చాలామంది సంకోచిస్తారు. సమీక్షకుడిగా కూర్చున్నప్పుడు నాకు నమ్మకం కలిగించిన వాక్యం ఎప్పుడూ అదే.

శిశువుల విషయంలో ఇంకొక లెక్క ఉంది, దాన్ని వదిలేసిన దరఖాస్తులు ఎథిక్స్ కమిటీ దగ్గర చిక్కుకుంటాయి. పరిశోధన కోసం తీసే రక్తం ఒకసారికి ఒంట్లోని మొత్తం రక్తంలో 1 శాతాన్ని, నాలుగు వారాలలో 3 శాతాన్ని మించరాదని ఐరోపా మార్గదర్శకాలు చెబుతాయి. శిశువుకు కిలో బరువుకు 80 నుంచి 90 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. మూడు కిలోల బిడ్డ నుంచి ఒకసారికి రెండున్నర మిల్లీలీటర్లు తీయవచ్చు. కిలో బరువున్న బిడ్డ నుంచి ఒక మిల్లీలీటరు కూడా తీయరాదు, నాలుగు వారాలకు కలిపి రెండున్నర దాటరాదు. మీ పరీక్షకు ప్రతిసారీ రెండు మిల్లీలీటర్లు కావాలంటే అధ్యయనం మొదలయ్యే ముందే ముగిసినట్టు. అలాంటప్పుడు అంతర్గత గ్రాంటును ముందుగా కొద్దిపాటి రక్తంతో పరీక్ష చేసే పద్ధతిని రూపొందించడానికే అడగండి. వైద్యానికి తీసిన రక్తంలో మిగిలినదాన్ని వాడవచ్చు, ఎండిన రక్తపు చుక్కను వాడవచ్చు. 1960ల తొలి సంవత్సరాలలో రాబర్ట్ గత్రీ శిశువు మడమ నుంచి తీసిన రక్తాన్ని వడపోత కాగితం మీద ఆరబెట్టి ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జీవక్రియ లోపాన్ని పసిగట్టే పద్ధతిని తీసుకువచ్చాక, నవజాత శిశువుల రక్త పరీక్షలు చాలావరకు ఆ చుక్క చుట్టూనే పెరిగాయి. పద్ధతిని చిన్నది చేయడం మందును పరీక్షించడం కంటే తక్కువ పని ఏమీ కాదు.

కాలం గురించి ఒక మాట. నెలలు నిండని బిడ్డల మెదడు ఎదుగుదలను సాధారణంగా సరిచేసిన వయసు (పుట్టవలసిన తేదీ నుంచి లెక్కించే వయసు) రెండేళ్లు వచ్చాక కొలుస్తారు. ఏడాది గ్రాంటులో ఆ కొలతను ఫలితంగా చూపిస్తే కేలండరే మిమ్మల్ని ఓడిస్తుంది. తరువాత పిలిచి పరీక్షించడానికి తల్లిదండ్రుల అనుమతి ఇప్పుడే తీసుకోండి, కొలతను మాత్రం వచ్చే గ్రాంటుకు విడిచిపెట్టండి.

ప్రశ్న: బడ్జెట్‌లో జీతం అడిగితే అత్యాశ అనుకుంటారేమోనని రసాయనాలకూ పరికరాలకూ మాత్రమే రాస్తున్నాను. ఇది సరేనా?

జవాబు: సరికాదు. చేసే మనిషి లేని రసాయనాలు ఫ్రీజర్‌లో గడువు దాటిపోతాయి. పరిశోధన నర్సు, ప్రయోగశాల సహాయకుడు, డేటా చూసుకునే వ్యక్తి: వీరి జీతాన్ని చాలా సంస్థలు అనుమతిస్తాయి. ప్రధాన పరిశోధకుడి సొంత జీతాన్ని, కుర్చీలు బల్లలను, మామూలు కంప్యూటర్లను, పరోక్ష ఖర్చులను సాధారణంగా అనుమతించవు. దీనికి ఒక మినహాయింపు ఉంది. వైద్యులకు వారంలో ఒకటి రెండు రోజులు వార్డు పని నుంచి విడుదల ఇప్పించి, ఆ సమయం ఖరీదును విభాగానికి చెల్లించే గ్రాంట్లు వేరుగా ఉంటాయి. వాటిలో డబ్బు కంటే ఆ విడుదల ముఖ్యం కనుక, విభాగాధిపతి సంతకం పెట్టిన లేఖలో ‘పరిశోధనను ప్రోత్సహిస్తాము’ అని కాకుండా ఏ రోజు, ఎన్ని గంటలు, ఆ సమయంలో రోగులను ఎవరు చూస్తారు అని ఉండాలి.

మరచిపోయే ఖర్చులు దాదాపు ప్రతి దరఖాస్తులోనూ అవే. గణాంక నిపుణుడి సమయం. నమూనాలను గ్రాంటు ముగిశాక కూడా భద్రపరచడానికి అయ్యే ఫ్రీజర్ అద్దె. అంగీకార పత్రాన్ని కుటుంబాలు మాట్లాడే భాషల్లోకి మార్చడం. పరీక్ష కోసం ప్రత్యేకంగా రావలసిన కుటుంబాలకు ప్రయాణ ఖర్చు, ఆ రోజు పోయిన కూలి. ఈ చివరిది తప్పిపోతే రాగలిగిన స్తోమత ఉన్న కుటుంబాల పిల్లలే మీ అధ్యయనంలో మిగులుతారు, ఆపైన వచ్చిన ఫలితం ఎవరికి వర్తిస్తుందో చెప్పడం కష్టమవుతుంది. సంస్థలోని ఉమ్మడి ప్రయోగశాలలు అంతర్గత పరిశోధకులకు వేసే రేటు వేరుగా ఉంటుంది. ఆ రేటు కాగితం తీసుకుని, పాడయ్యే నమూనాలకు కూడా కొంత కలిపి లెక్క కట్టండి.

ప్రశ్న: మా సంస్థ చిన్నది. గ్రాంటు కమిటీలో ఉన్నవారందరూ ఒకరికొకరు తెలుసు. ప్రతిసారీ రెండు మూడు పెద్ద బృందాలకే డబ్బు వెళుతోంది. ఇందులో న్యాయం ఎలా ఆశించాలి?

జవాబు: చిన్న సంస్థలో అందరూ అందరికీ తెలిసి ఉండడం తప్పు కాదు, తప్పించుకోలేనిది కూడా. దాన్ని ఒప్పుకుని నియమాలు పెట్టుకోకపోవడం తప్పు. తన బృందం దరఖాస్తు చర్చకు వచ్చినప్పుడు సభ్యుడు మౌనంగా కూర్చోవడం చాలదు, గదిలోంచి బయటికి వెళ్లాలి. తనతో కలిసి ఇటీవల పత్రాలు రాసినవారి విషయంలోనూ, తన శిష్యుల విషయంలోనూ అదే నియమం ఉండాలి. వేరే సంస్థల నుంచి కనీసం ఒక సమీక్షకుణ్ణి తీసుకోవడం, వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులలో ఒకరిద్దరిని ఓటుతో సహా కమిటీలో కూర్చోబెట్టడం ఇప్పుడు కొత్త విషయాలు కావు. ‘ఈ పరీక్ష కోసం మా బిడ్డను ఎన్నిసార్లు తీసుకురావాలి?’ అని ఒక తల్లి అడిగిన ప్రశ్నతో, మేమంతా మెచ్చుకున్న ఒక పథకం ఆ గదిలోనే మారిపోవడం నేను చూశాను.

పెద్ద బృందాల సంగతికి వస్తే, పోటీని అనుభవం చూసి తూచినంతకాలం అనుభవం ఉన్నవారే గెలుస్తారు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో సమావేశంలో రూపుదిద్దుకున్న ప్రకటన, పరిశోధకులను పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (అందులోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్న అంకె) చూసి అంచనా కట్టవద్దని కోరింది. చాలా సంస్థలు దాని మీద సంతకం చేశాయి. మీ సంస్థ కూడా చేసి ఉంటే ఆ సంగతిని కమిటీకి మర్యాదగా గుర్తుచేయవచ్చు. ఇంకొంత ముందుకు వెళ్లినవారు ఉన్నారు. న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013 నుంచి ఎక్స్‌ప్లోరర్ గ్రాంట్లలో, అర్హత ఉందని తేలిన దరఖాస్తులన్నింటి మధ్య చీటీ పద్ధతిని ప్రవేశపెట్టింది. స్విట్జర్లాండ్ జాతీయ విజ్ఞాన నిధి 2021 నుంచి సమాన నాణ్యత ఉన్నవాటి మధ్య తేల్చుకోలేనప్పుడు చీటీ తీయడానికి అనుమతిస్తోంది. చిన్న గ్రాంట్ల విషయంలో ఈ పద్ధతి నాకు సమ్మతమే. 7.8 మార్కులు వచ్చిన దరఖాస్తుకూ 7.6 వచ్చినదానికీ ఉన్న తేడా చాలాసార్లు సమీక్షకుల మనఃస్థితిలో ఉన్న తేడా. చీటీ అయితే కనీసం ఎవరికీ బంధువు కాదు.

అంతవరకు మీరు గట్టిగా అడగవలసినది ఒకటి ఉంది: తిరస్కరణకు కారణాలు రాతపూర్వకంగా. అంతర్గత పోటీలో ఓడినవారికి దక్కేది అదొక్కటే, అదీ ఇవ్వకపోతే ఆ పోటీ వల్ల సంస్థకే నష్టం.

ప్రశ్న: మా బయటి గ్రాంటు కొద్దిలో తప్పిపోయింది. మళ్లీ దరఖాస్తు ఫలితం రావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. ఈలోగా మా పరిశోధన నర్సు వెళ్లిపోతుంది. పైగా నేను ప్రసూతి సెలవు నుంచి ఇటీవలే తిరిగి వచ్చాను. సంస్థను ఏమి అడగవచ్చు?

జవాబు: బ్రిడ్జి గ్రాంటు అనేది సరిగ్గా ఇందుకే ఉంది, పేరులో ఉన్నట్టే రెండు గట్ల మధ్య వంతెన. అవతలి గట్టు ఉందని చూపించడం మీ పని. బయటి సమీక్షకుల వ్యాఖ్యలను దాచకుండా జతచేసి, ఒక్కొక్క విమర్శకు ఈ ఎనిమిది నెలల్లో ఏమి చేస్తారో రాయండి. కొత్త ప్రశ్నలు చేర్చవద్దు. డబ్బును ముందు మనుషులకు, తరువాత నమూనాలకు, చివరగా మిగతావాటికి కేటాయించండి. మీది పిల్లలను ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనమైతే ఆ వాదనను మొదటి పేరాలోనే పెట్టండి: రెండేళ్ల వయసులో చేయవలసిన పరీక్షను బిడ్డకు మూడేళ్లు వచ్చాక ఎంత డబ్బు పోసినా చేయలేము. మీ నర్సు వెళ్లిపోతే పోయేది ఒక ఉద్యోగమే కాదు, ఆమె ఫోన్ చేస్తేనే స్పందించే కుటుంబాలు కూడా.

ప్రసూతి సెలవు గురించి రెండు విషయాలు. అర్హతకు ‘పీహెచ్‌డీ తరువాత ఇన్నేళ్లలోపు’ అన్న గడువు ఉంటే, సెలవు కాలాన్ని అందులోంచి మినహాయించమని అడగండి. నియమంలో లేకపోతే చేర్చమని అడగండి. రెండోది, ఇంటి బాధ్యతలు ముమ్మరంగా ఉన్న కాలంలో అదనపు చేతుల కోసం ఇచ్చే నిధులు. డోరిస్ డ్యూక్ ఫౌండేషన్ 2015లో అమెరికాలోని 10 వైద్య విద్యాసంస్థలకు ఈ పని కోసమే డబ్బు ఇచ్చింది. సంరక్షణ బాధ్యతలున్న యువ వైద్య శాస్త్రవేత్తలు ఆ డబ్బుతో సహాయకులను పెట్టుకుని, తాము ప్రయోగశాలలో లేని గంటలలో కూడా పనిని నడిపించుకోగలిగారు. మీ సంస్థలో అలాంటి పథకం లేకపోతే ఈ ఉదాహరణను చూపించండి.

ప్రశ్న: మా అబ్బాయి పేరు మీద పిల్లల వైద్య పరిశోధన సంస్థకు విరాళం ఇచ్చాము. దాన్ని అంతర్గత గ్రాంటుగా ఒక బృందానికి ఇచ్చారు. ఏడాది తరువాత వచ్చిన నివేదికలో ‘ఊహించిన ఫలితం కనిపించలేదు’ అని ఉంది. ఖర్చులో మూడింట రెండు వంతులు జీతాలే. మా డబ్బు వృథా అయినట్టేనా?

జవాబు: మీ ప్రశ్న వెనక ఉన్న బాధను గౌరవిస్తూనే, సూటిగా చెబుతాను. జీతాల సంగతిలో అనుమానం అక్కరలేదు. పరిశోధన అంటే ప్రధానంగా శిక్షణ పొందిన మనుషుల సమయం. రక్తం తీసినవారు, నమూనాను చల్లబరచినవారు, అంకెలను రెండుసార్లు సరిచూసినవారు అందరూ ఆ మూడింట రెండు వంతులలో ఉన్నారు.

ఫలితం కనిపించలేదు అన్న మాటకు మాత్రం రెండు అర్థాలు ఉంటాయి, మీ విషయంలో వాటిలో ఏది వర్తిస్తుందో మీరు తెలుసుకోవాలి. ప్రశ్న సరిగా అడిగి ‘కాదు’ అన్న జవాబు రావడం ఒకటి. అనుకున్నంతమంది పిల్లలు చేరక, నమూనాలు చెడిపోయి, ఏ జవాబూ రాకపోవడం మరొకటి. మొదటిది వృథా కాదు. 1940లలోనూ 1950ల ఆరంభంలోనూ నెలలు నిండని శిశువులకు ఆక్సిజన్‌ను ధారాళంగా ఇచ్చేవారు, మేలు చేస్తుందన్న నమ్మకంతోనే. అదే కంటి రెటీనాను దెబ్బతీస్తోందని తెలిసేలోగా ప్రపంచంలో సుమారు 10,000 మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. మెల్‌బోర్న్‌లో కేట్ క్యాంప్‌బెల్ 1951లో ఆ అనుమానాన్ని ప్రచురించారు, 1953, 54లలో అమెరికాలో 18 ఆసుపత్రులు కలిసి జరిపిన అధ్యయనం దాన్ని ధ్రువపరచింది. తరువాత ఆక్సిజన్‌ను మరీ తగ్గించడం వల్ల మరణాలు పెరిగాయన్న చేదు నిజం కూడా బయటపడింది. ఎంత ఇవ్వాలన్న ప్రశ్న మీద ఈ శతాబ్దంలో కూడా పెద్ద ప్రయోగాలు జరగవలసి వచ్చింది. ‘కాదు’ అన్న ఒక్క జవాబు సకాలంలో వచ్చి ఉంటే ఎంత మిగిలేదో ఆలోచించండి.

సానుకూలమైన ఫలితం కూడా ఏడాదిలో మందుగా మారదు. 1973లో మెల్‌బోర్న్‌లోని రాయల్ చిల్డ్రన్స్ ఆసుపత్రిలో రూత్ బిషప్, ఆమె సహచరులు విరేచనాలతో చేరిన పిల్లల పేగు పొర ముక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, తరువాత రోటావైరస్ అని పేరు పొందిన వైరస్‌ను కనుగొన్నారు. ఇప్పుడు విస్తృతంగా వాడే రోటావైరస్ టీకాలకు పెద్ద ఎత్తున అనుమతులు వచ్చింది 2006 ప్రాంతంలో. మధ్యలో 33 ఏళ్లు. ఆ మొదటి ఏడాది నివేదిక ఒక దాత చేతికి వెళ్లి ఉంటే అందులో కోలుకున్న బిడ్డ ఒక్కరూ ఉండేవారు కారు.

కాబట్టి సంస్థకు ఉత్తరం రాసి మూడు సంగతులు అడగండి: ప్రశ్నకు జవాబు వచ్చిందా, వచ్చిన జవాబును ప్రచురిస్తున్నారా, మిగిలిన నమూనాలూ డేటా ఇతర పరిశోధకులకు అందుబాటులో ఉంటాయా. రెండోదానికి ‘లేదు’ అని వస్తే అప్పుడు కోపగించుకోండి. జవాబు తెలిసి కూడా సొరుగులో పెట్టేస్తే, అదే ప్రశ్నతో ఇంకొక సంస్థ ఇంకొక దాత డబ్బును, ఇంకొందరు పిల్లల రక్తాన్ని వాడుతుంది.

ప్రశ్న: మా గ్రాంటు గడువు నాలుగు నెలల్లో ముగుస్తుంది. ఎథిక్స్ అనుమతి ఆలస్యం కావడం వల్ల సగం డబ్బు మిగిలే ఉంది. తిరిగి ఇచ్చేయడం కంటే ఒక ఫ్రీజర్ కొనేయమని సహోద్యోగులు అంటున్నారు. ఏమి చేయాలి?

జవాబు: ఫ్రీజర్ కొనవద్దు. బడ్జెట్‌లో లేని పరికరం ఆడిట్‌లో బయటపడుతుంది, వచ్చేసారి మీ పేరు చూడగానే కమిటీకి అదే గుర్తుకు వస్తుంది. అదనపు డబ్బు లేకుండా గడువు మాత్రం పొడిగించమని అడగండి. ఎథిక్స్ అనుమతి ఆలస్యం కావడం పిల్లల అధ్యయనాలలో మామూలే కనుక కమిటీలు దాన్ని సాధారణంగా అర్థం చేసుకుంటాయి. ఉత్తరం ఒక పేజీ దాటనక్కరలేదు: అనుమతి వచ్చిన తేదీ, ఇప్పటివరకు చేరిన పిల్లల సంఖ్య, నెలకు ఎంతమంది చేరుతున్నారు, ఆ లెక్కన ఇంకా ఎన్ని నెలలు కావాలి, మిగిలిన డబ్బు ఏ పద్దు కింద ఖర్చవుతుంది. చేరుతున్న వేగం చూస్తే పొడిగించినా పని పూర్తి కాదని మీకే తోస్తే, ఆ మాట కూడా రాసి, డబ్బులో కొంత వెనక్కి ఇవ్వండి. గడువు ముగిశాక రాసే ఉత్తరానికి విలువ ఉండదు కనుక ఈ వారమే రాయండి.